కొత్త తరం ప్రాసెసర్ కొనాలా? ఆషాఢంలో మా మిక్సింగ్ గది డైరీ

జూన్ 12, 2025, గురువారం

పెళ్ళికూతురి తల మీద జీలకర్ర బెల్లం పెట్టబోతున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. స్పేస్ బార్ నొక్కితే రెండు ఫ్రేములు కదిలి మళ్ళీ ఆగింది. మేళం మాత్రం మోగుతూనే ఉంది. వెనక నిలబడి చూస్తున్న పెళ్ళికూతురి మేనమామ, "ఏందమ్మా, కరెంటు తక్కువగా వస్తుండాదా?" అన్నాడు. టీజర్ ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని వచ్చిన మనిషి. నవ్వి కాఫీ ఇచ్చి పంపించాను గానీ, కడుపులో మండింది.

మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట. పెళ్ళి వీడియోలు చేస్తాం. కెమెరా మా ఆయనది, మిక్సింగ్, అంటే వీడియో ఎడిటింగ్, నాది. మేడ మీద గదిలో ఒక సిస్టమ్. 2019 చివర్లో మా తమ్ముడు కనిగిరి నుంచి వచ్చి రెండు రోజులు కూర్చుని బిగించి ఇచ్చాడు. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 బోర్డు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. ర్యామ్ అప్పట్లో 16 జీబీ, కరోనా తర్వాత 32 చేశాం. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు అని వాడు చెప్పినప్పుడు ఏదో పన్నెండుమంది పనివాళ్ళు వచ్చి చేరినంత సంబరపడ్డాను. అయిదేళ్ళు నిజంగానే ఒక్క మాట అనిపించుకోలేదు.

ఇప్పుడు తమ్ముడు చెన్నైలో ఉద్యోగం. రాత్రి ఫోన్ చేసి విషయం చెప్పగానే, "ఆరేళ్ళ ప్రాసెసర్ అక్కా. మూడు తరాలు దాటిపోయినాయి. తీసి పక్కన పెట్టి కొత్త రైజెన్ 9700ఎక్స్‌కి పో" అన్నాడు. వాడికి ఏ రోగానికైనా కొత్త ప్రాసెసరే మందు.

ముహూర్తాలు అయిపోయాయి. మళ్ళీ శ్రావణం దాకా పెళ్ళిళ్ళు లేవు. సిస్టమ్ విప్పాలన్నా, డబ్బు తగలెయ్యాలన్నా ఇదే అదను. ఈసారి ఏం చేసినా నోట్‌బుక్‌లో రాసి చేద్దామని కూర్చున్నాను.

జూన్ 15, ఆదివారం

తమ్ముడు లెక్క పంపించాడు. వాడి లెక్కలో తప్పేమీ లేదు, అదే చిక్కు.

నా 3600 ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్లలో జెన్ 2 అనే తరం. 2020లో జెన్ 3 వచ్చింది, ఒకే వేగం దగ్గర పోలిస్తే సగటున 19 శాతం ఎక్కువ పని చేస్తుందని ఏఎమ్‌డీ చెప్పింది. 2022లో జెన్ 4, దానికి 13 శాతం. 2024 ఆగస్టులో జెన్ 5, 9700ఎక్స్ ఈ తరానిదే, దానికి 16 శాతం. ఇవన్నీ కంపెనీ చెప్పుకున్న అంకెలే. ఒకదాని మీద ఒకటి హెచ్చవేస్తే ఒకటిన్నర రెట్ల పైన వస్తుంది. దానికితోడు నాది గరిష్ఠంగా 4.2 గిగాహెర్ట్జ్‌కి పోతే 9700ఎక్స్ 5.5కి పోతుంది. మొత్తం కలిపితే కాగితం మీద ఒక్కో కోరు రెట్టింపు. పైగా ఆరు కోర్ల చోట ఎనిమిది.

విచిత్రం ఏంటంటే, ఈ 9700ఎక్స్ వచ్చినప్పుడు దానికి ముందున్న 7700ఎక్స్ వాడేవాళ్ళు పెదవి విరిచారు. వాళ్ళకి తేడా అంతంత మాత్రమే. ఒక్క తరం దాటేవాళ్ళకి గొప్పగా అనిపించనిది, మూడు తరాలు దాటే నాలాంటివాళ్ళకి పండగలా కనిపిస్తుంది. ఎవరి మాట వింటున్నామో, వాళ్ళ దగ్గర ఇప్పుడు ఏముందో కనుక్కోకుండా వింటే మోసపోతాం.

ఇక ఖర్చు. పెళ్ళికొడుకు ఒక్కడే వస్తాడా, విడిది నిండా బంధువులు దిగుతారు. 9700ఎక్స్ కూర్చునేది ఏఎమ్5 సాకెట్‌లో, అంటే కొత్త బోర్డు. ఆ బోర్డు డీడీఆర్5 రకం ర్యామ్ తప్ప తీసుకోదు, అంటే నా 32 జీబీ డీడీఆర్4 ర్యామ్ మూలకి. డబ్బాలో కూలర్ రాదు, అదీ కొనాలి. ఇంటెల్ వైపు పోయినా ఇదే వరస. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 రకానికి కూడా కొత్త సాకెట్, కొత్త బోర్డు, డీడీఆర్5.

ట్రంక్ రోడ్డులో తెలిసిన షాపులో అడిగితే 9700ఎక్స్ సెట్టు మొత్తం 59 వేలు, కోర్ అల్ట్రా 7 265కె సెట్టు 66 వేలు అన్నారు. ఆయన విని ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే పెద్ద మాట.

జూన్ 17

లోపల దుమ్ము చూద్దామని సైడ్ డోర్ తీస్తే మతి పోయింది. కూలర్ రెక్కల మధ్య దుమ్ము చాపలా అల్లుకుని ఉంది. పంక్చర్ షాపులో గాలి కొట్టించుకొస్తానన్నాడు మా పనిలో సాయంగా ఉండే పిల్లాడు. ఆ గాలిలో నీళ్ళ తుంపర వస్తుంది, వద్దని చెప్పి ఎదురింటి నుంచి బ్లోయర్ తెప్పించాను. ఫ్యాన్ గిర్రున తిరక్కుండా వేలు అడ్డుపెట్టి ఊదాం. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది పూశాను.

పొద్దున రెండర్ (చివరి వీడియో తయారీ) పెట్టినప్పుడు 95 డిగ్రీలు ఉన్నది, అదే ఈ ప్రాసెసర్‌కి హద్దు, సాయంత్రం 82కి దిగింది. హద్దు తగిలితే అది తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మన జూన్ ఎండలకి ఏసీ లేని గదిలో అది రోజూ జరుగుతూ ఉండి ఉంటుంది. ఇప్పుడు రెండర్‌లో 3.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండేది 3.95 దగ్గర నడుస్తోంది. ఖర్చు 350, పేస్టుకి.

టైమ్‌లైన్, అంటే ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చి ప్లే చేసే వరస, మాత్రం ఆగుతూనే ఉంది.

జూన్ 18, బుధవారం

ఈ రోజు రాసింది ఎక్కువ. నాకు అర్థమైంది కూడా ఈ రోజే.

ఒకే పెళ్ళి, ఒకే ముహూర్తం, రెండు కెమెరాలు. ఒకటి పాత సోనీ ఏ7 త్రీ, రెండోది మాఘంలో కొన్న ఏ7 ఫోర్. రెంటి నుంచీ అయిదేసి నిమిషాల క్లిప్పులు తీసి, వేరువేరు టైమ్‌లైన్ల మీద వేసి, రెండో మానిటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకున్నాను. ఏ ఎఫెక్టూ లేదు, ఒట్టి ప్లే.

ఏ7 త్రీ క్లిప్పు: ప్రాసెసర్ 20 శాతం అటూఇటూ. గ్రాఫిక్స్ కార్డు పేజీలో 'వీడియో డీకోడ్' అని ఒక గ్రాఫ్ ఉంటుంది, అది 30 దాకా లేచింది. వీడియో నీళ్ళలా జారిపోయింది.

ఏ7 ఫోర్ క్లిప్పు: ప్రాసెసర్ 100. డీకోడ్ గీత సున్నా దగ్గర పడుకుని ఉంది, ఒక్క పిసరు లేవలేదు.

రెండుసార్లు, మూడుసార్లు చూశాను. అదే.

అంటే పాత కెమెరా ఫైలుని విప్పే పని గ్రాఫిక్స్ కార్డులో ఉన్న చిన్న ప్రత్యేకమైన భాగం చేస్తోంది. కొత్త కెమెరా ఫైలుని అది ముట్టుకోవడమే లేదు. మొత్తం భారం ఆరు కోర్ల నెత్తిన పడుతోంది. అసలు మాఘం దాకా బాగానే ఉన్న సిస్టమ్ ఫాల్గుణానికి ఎట్లా ముసలిదైందో అప్పుడు తట్టింది. మారింది కెమెరా.

ఆయన్ని పిలిచి కెమెరా మెనూ చూపించమన్నాను. రికార్డింగు హెచ్‌ఈవీసీ రకం (వీడియోని కుదించి దాచే ఒక పద్ధతి), సెకనుకి 50 ఫ్రేములు, 10 బిట్, 4:2:2.

ఈ 4:2:2 అనేది మా గొడవకి మూలం కాబట్టి కొంచెం రాస్తాను. వీడియోలో వెలుగుకీ రంగుకీ వేరువేరు లెక్క ఉంటుంది. వెలుగు ప్రతి చుక్కకీ రాసుకుంటుంది. రంగు మాత్రం పొదుపు చేస్తుంది, మన కన్ను రంగులో చిన్న తేడాలు అంతగా పట్టదు కాబట్టి. 4:2:0 అంటే అడ్డంగా సగం, నిలువుగా సగం, అంటే నాలుగు చుక్కలకి కలిపి ఒక్క రంగు. 4:2:2 అంటే అడ్డంగా మాత్రమే సగం, రెండు చుక్కలకి ఒక రంగు. వెంకటగిరి చీర జరీ అంచు పక్కన ఎర్ర రంగు దగ్గరగా వచ్చిన చోట 4:2:0లో కొద్దిగా అలుక్కుపోయినట్టు ఉంటుంది, 4:2:2లో గీత తేటగా ఉంటుంది. గ్రీన్ మ్యాట్ కట్ చేసేటప్పుడూ, రంగులు బాగా లాగి సరిచేసేటప్పుడూ తేడా తెలుస్తుంది. యూట్యూబ్ లింకులోనో పెన్ డ్రైవ్‌లోనో చూసే అమ్మమ్మకి తెలియదు.

మా 1660 సూపర్ కార్డు హెచ్‌ఈవీసీలో 4:2:0 విప్పుతుంది, 10 బిట్ అయినా సరే. ఇంకా ఎక్కువ రంగున్న 4:4:4 కూడా విప్పుతుంది. మధ్యలో ఉన్న 4:2:2 మాత్రం విప్పదు. దాని తర్వాత వచ్చిన ఎన్విడియా 30, 40 సిరీస్ కార్డులదీ అదే కథ. మధ్యమెట్టు మీద కాలు పెట్టకుండా దూకే మనుషులుంటారే, అట్లా.

రాత్రి తమ్ముడికి చెబితే రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "అయినా 9700ఎక్స్ బలంతో లాగేస్తది అక్కా" అన్నాడు. లాగుతుంది, నిజమే. కానీ ఆ ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ కూడా 4:2:2 విప్పదని వాడే వెతికి చెప్పాడు. అంటే 59 వేలు పెట్టి ఇంకా బలమైన మనిషిని తెచ్చి అదే బండరాయి మోయించడం.

జూన్ 21

ప్రాక్సీలు ప్రయత్నించాను. రూపాయి ఖర్చు లేని మందు. పెద్ద ఫైలుకి తేలికైన నకలు తయారు చేసుకుని దాని మీద ఎడిటింగ్ చేసి, చివర ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫైలు వాడుకోవడం. రాత్రి పెట్టి పడుకున్నాను. రెండింటికి కరెంటు పోయింది, యూపీఎస్ ఇరవై నిమిషాలు మోసి చేతులెత్తేసింది. తెల్లారి చూస్తే సగం క్లిప్పులకి నకళ్ళు, సగానికి లేవు. మళ్ళీ పెట్టి కూర్చుంటే ఒక పెళ్ళికి రెండు గంటల నలభై నిమిషాలు.

నెల రోజుల్లో ఇచ్చే పూర్తి వీడియోకి ఇది చక్కగా సరిపోతుంది. కానీ ఇప్పుడు పెళ్ళి రాత్రయితే పొద్దున్నే వాట్సాప్‌లో టీజర్ పడాలి, రిసెప్షన్‌లో తెర మీద ముహూర్తం కనబడాలి. అక్కడ రెండు గంటల నలభై నిమిషాలు ఎవరిస్తారు?

జూన్ 24, మంగళవారం

మా వీధిలో ఆడిటర్ గారి ఆఫీసులో సిస్టమ్ కొత్తది, కోర్ ఐ5 12400. జీఎస్టీ పనులకి వాడతారు. సాయంత్రం ఆఫీసు మూశాక గంటసేపు కూర్చోనిచ్చారు. ఎస్ఎస్‌డీ మీద క్లిప్పులు, ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ట్రయల్. గ్రాఫిక్స్ కార్డు అంటూ ఏమీ లేదు, ప్రాసెసర్ లోపల ఉన్నదే.

ఏ7 ఫోర్ క్లిప్పు వేశాను. జారిపోయింది. నేను నమ్మలేదు. వెనక్కి లాగి మళ్ళీ వేశాను. జీలకర్ర బెల్లం చెయ్యి ఎక్కడా ఆగలేదు, తలంబ్రాలు కూడా అయిపోయాయి. ప్రాసెసర్ 30 దాటలేదు, డీకోడ్ గీత పైకి లేచి ఉంది. 2022లో వచ్చిన మధ్యతరగతి ప్రాసెసర్, పక్కన కార్డు కూడా లేకుండా, నా సిస్టమ్ చేయలేనిది చేసింది. ఇంటెల్ పదకొండో తరం నుంచీ లోపలి గ్రాఫిక్స్‌లో హెచ్‌ఈవీసీ 4:2:2 విప్పే భాగం ఉంది. మా వాళ్ళలో ఎడియస్ సాఫ్ట్‌వేర్ వాడే పాత మిక్సింగ్ యూనిట్ల వాళ్ళు ఎప్పుడూ "ఇంటెలే తీసుకో" అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది. వాళ్ళకి కారణం తెలియకపోయినా చెప్పిన మాట సరైనదే.

ఇక్కడ ఒక గుంట ఉంది. ఇదే ప్రాసెసర్ 12400ఎఫ్ అని వెయ్యీ రెండువేలు తక్కువకి దొరుకుతుంది. ఆ ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు. మామూలుగా కార్డు ఎట్లాగూ ఉంది కదా అని చాలామంది ఎఫ్ తీసుకుంటారు. మా పనికి తీసుకుంటే అసలు సరుకు వదిలేసి డబ్బా కొన్నట్టే.

సంతోషం అరగంటే. బయటి కెమెరామన్ ఒకాయన, రోజు కూలికి వచ్చినవాడు, ఇచ్చిన క్లిప్పు వేశాను. అదీ సోనీనే, అదీ 4:2:2, 10 బిట్. కానీ హెచ్‌ఈవీసీ కాదు, హెచ్.264 రకం. మెనూలో హెచ్‌ఈవీసీది 'హెచ్ఎస్', హెచ్.264ది 'ఎస్', ఒక్క అక్షరం తేడా. ఆ క్లిప్పు దగ్గర ఆడిటర్ గారి సిస్టమ్ కూడా నాదానిలాగే తడబడింది, డీకోడ్ గీత సున్నా. ఈ తరం ఇంటెల్ కూడా హెచ్.264లో 4:2:2 విప్పదు.

మా కెమెరాలు మా చేతిలో ఉంటాయి. బయటివాళ్ళు ఏది తెస్తారో మన చేతిలో లేదు.

జూలై 2, బుధవారం

చెన్నై వెళ్ళొచ్చాం. తెల్లవారుజామున బస్సు, మాధవరంలో దిగి, తమ్ముణ్ణి కలుపుకుని రిచీ స్ట్రీట్. మౌంట్ రోడ్డు పక్క సందులు. ఛార్జర్లు, కేబుళ్ళు, ర్యామ్‌లు తట్టల్లో పోసి అమ్మే చోటు. చిన్నబజారులో కూరగాయలు బేరమాడినట్టే ఆడాలి, తమిళంలో.

ఒక షాపులో డెమో సిస్టమ్ మీద 265కె ఉంది. మా ఎస్ఎస్‌డీ పెట్టుకోనిచ్చారు. హెచ్ఎస్ క్లిప్పులు రెండు పక్కపక్కన మల్టీక్యామ్‌లో పెట్టినా కదలిక ఆగలేదు. వార్ప్ స్టెబిలైజర్, చెయ్యి వణికిన షాటు సరిచేసేది, నా దగ్గర నాలుగు నిమిషాలు తీసుకునే షాటు ఇక్కడ నిమిషం యాభై సెకన్లు. ఇది నిజంగా ప్రాసెసర్ బలం. మనసు లాగింది, దాచుకోవడం ఎందుకు.

ఇంకో షాపులో పద్నాలుగో తరం ఐ7 చూపించి ఆఫర్ అన్నారు. పదమూడు, పద్నాలుగు తరాల పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజి ఎక్కువై కొన్ని అస్థిరంగా తయారైన సంగతి, దానికి 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) సవరణలు వచ్చిన సంగతి, ఇంటెల్ వారంటీని రెండేళ్ళు పెంచిన సంగతి తమ్ముడు బస్సులోంచి దిగిందగ్గర్నుంచీ చెబుతున్నాడు. బోర్డులో బయాస్, అంటే బోర్డుని నడిపే లోపలి ప్రోగ్రాం, ఏ తేదీది అని అడిగితే అమ్మే కుర్రాడు తమ్ముడి వైపు కాకుండా నా వైపు చూసి, "అదంతా ఏమీ లేదు మేడమ్" అన్నాడు. బయటికి వచ్చేశాం.

టీ తాగుతూ తమ్ముడే అన్నాడు, "అక్కా, నీకు కావాల్సింది డీకోడ్ ఒక్కటే అయితే 50 సిరీస్ కార్డు ఉంది గదా." ఈ సంవత్సరం జనవరి నుంచి వస్తున్న ఆర్‌టీఎక్స్ 50 కార్డులు 4:2:2ని హెచ్‌ఈవీసీలోనూ హెచ్.264లోనూ విప్పుతాయి. అందులో చిన్నవాటిలో ఒకటి 5060, మే నెలలో వచ్చింది. కొత్త ప్రాసెసర్ కోసం నన్ను చెన్నై దాకా రప్పించి, టీ కొట్టు దగ్గర వీడే ప్రాసెసర్ వద్దనే మాట చెప్పాడు. రాత్రి రైల్లో సీటు దొరక్క గూడూరు దాకా నిలబడే వచ్చాను.

జూలై 8, మంగళవారం

ఊరంతా రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు వైపు పోయే దారులన్నీ జనం. ఆయన బారాషహీద్ దర్గా దగ్గర ఒక చానల్ వాళ్ళకి కెమెరా పనికి వెళ్ళారు. నేను చెరువులో దిగి ధన రొట్టె ఒకటి పట్టుకున్నాను. పక్కన గుంటూరు నుంచి వచ్చిన ఆమె సంతాన రొట్టె కోసం అడుగుతోంది. తమ్ముడు ఫోన్‌లో, "ప్రాసెసర్ రొట్టె దొరకలేదా?" అని ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి లెక్క. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు:

9700ఎక్స్ సెట్టు 59 వేలు. అన్ని పనులూ వేగం. 4:2:2 మాత్రం బలంతోనే. 265కె సెట్టు 66 వేలు. హెచ్ఎస్ హాయిగా, స్టెబిలైజర్ సగం కన్నా తక్కువ. ఇంటెల్ ఐ5 14500, డీడీఆర్4 బోర్డు, పాత ర్యామ్ వాడుకోవచ్చు, 33 వేలు. హెచ్ఎస్ హాయి, ఎస్ కష్టం. 5060 కార్డు 31 వేలు, పవర్ సప్లై మార్చాలి, ఇంకో 4,500. రెండు రకాలూ హాయి, స్టెబిలైజర్ ఎప్పటిలాగే. అట్టడుగున ఆయన చేతిరాత: "కెమెరాలో 4:2:0 పెడితే? 0 రూ."

ఆ సున్నా రూపాయల వరస నాకు ముందే తట్టాల్సింది. హెచ్ఎస్‌లోనే 10 బిట్ ఉంచి 4:2:0 పెట్టే వీలు ఆ కెమెరాలో ఉంది. ఆయన నిన్న దర్గా దగ్గర కొన్ని షాట్లు అట్లా తీసుకొచ్చారు. నా ముసలి సిస్టమ్‌లో వేశాను. డీకోడ్ గీత లేచింది. ప్రాసెసర్ 25 శాతం.

నాలుగు నెలలుగా నేను తిట్టుకుంటున్న సిస్టమ్ ఒక్క మెనూ మార్పుతో పరిగెత్తింది. ఆయన నన్ను చూసి ఏదో అనబోయి, మానుకుని, భోజనానికి రమ్మన్నారు.

జూలై 12, శనివారం

మరి సున్నా రూపాయలతో ఆపేయచ్చు కదా? మూడు రోజులు ఆలోచించాను. ట్రెడిషనల్ కవరేజి అంతా ఇక 4:2:0లోనే, అది ఖాయం. అప్పగింతలు, ఊంజల, భోజనాలు, స్టేజి మీద ఫొటోల వరస, వీటికి రంగులు లాగేదేమీ ఉండదు. కానీ ప్రీ-వెడ్డింగ్ షూట్, మైపాడు బీచ్‌లో సాయంత్రం వెలుగు, అక్కడ ఆయన 4:2:2 వదలనన్నారు. బయటి కెమెరామన్ల ఫైళ్ళు సరేసరి. ముహూర్తాలు గుత్తులుగా వచ్చిన వారంలో సగం ఫుటేజీ బయటివాళ్ళదే.

అందుకని 5060. ప్రాసెసర్ మారదు, బోర్డు మారదు, ర్యామ్ మారదు. తమ్ముడికి ఒక్కటే అభ్యంతరం: నా బోర్డులో స్లాటు పాత పీసీఐఈ 3 రకం, ఆ కార్డు ఎనిమిది దారులే వాడుతుంది, కాబట్టి గేముల్లో కొంత పోతుంది. నా గదిలో గేములు ఆడేవాడు వేసవి సెలవుల్లో వచ్చే మేనల్లుడు ఒక్కడే.

విండోస్ సంగతి కూడా చూశాను. విండోస్ 10కి ఈ అక్టోబరు 14తో సెలవు. దానికోసమైనా మార్చాలేమో అనుకున్నాను. 3600 విండోస్ 11 జాబితాలో ఉంది, బయాస్‌లో టీపీఎమ్ అనే భద్రతా అమరిక ఆన్ చేయాలి. ఆ వంకా లేదు.

జూలై 16

కార్డు బిగించాం. స్క్రీన్ నలుపు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కీబోర్డు లైటు వెలిగింది, బొమ్మ లేదు. పాత కార్డు పెడితే వస్తుంది. 550 వాట్ల పవర్ సప్లై కొత్తది, వైర్లు సరిగానే ఉన్నాయి. రెండు గంటలు చెమటలు పట్టాయి. 31 వేల రూపాయల నలుపు.

తప్పు కార్డుది కాదు, మాదే. 2019లో తమ్ముడు నా పాత సిస్టమ్‌లోని డిస్కుని విండోస్‌తో సహా యథాతథంగా తగిలించాడు. అది డిస్కు విభజనలో పాత ఎమ్‌బీఆర్ పద్ధతి, బయాస్ కూడా దానికోసం లెగసీ, అంటే పాత మోడ్‌లో పెట్టి ఉంది. కొత్త కార్డుకి యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్ కావాలి. వీడియో కాల్‌లో వాడు చెబుతుంటే: పాత కార్డు పెట్టి, ముందు మొత్తం బ్యాకప్, అది అయిదు గంటలు, తర్వాత బయాస్ కొత్త వెర్షన్, తర్వాత డిస్కుని మార్చే ఆదేశం, ఎమ్‌బీఆర్2జీపీటీ అని విండోస్‌లోనే ఉంటుంది, ఆ తర్వాత బయాస్‌లో సీఎస్ఎమ్ (పాత మోడ్‌ని నడిపేది) ఆఫ్. బయాస్ మార్చే ఆ మూడు నిమిషాలు కరెంటు పోకూడదు. యూపీఎస్ ఉన్నా కూడా ఇంట్లో మోటారు, మిక్సీ, గ్రైండర్ అన్నీ ఆపించాను. అత్తమ్మ పప్పు సగం రుబ్బి కూర్చున్నారు.

రాత్రి పదకొండుకి కొత్త కార్డుతో బొమ్మ వచ్చింది. ఆ పప్పుతోనే మర్నాడు పులిబొంగరాలు, కొంచెం పులుపెక్కి ఇంకా బాగున్నాయి.

జూలై 19, శనివారం

ప్రీమియర్ పాత వెర్షన్‌లో కొత్త కార్డు 4:2:2ని అసలు ముట్టుకోలేదు, డీకోడ్ మళ్ళీ సున్నా. గుండె జారింది. ఈ ఏప్రిల్‌లో వచ్చిన 25.2 వెర్షన్ వేశాక గానీ పట్టుకోలేదు. కార్డు కొని వెర్షన్ మార్చకుండా "మోసం" అనేవాళ్ళు ఉంటారు, నేను అరగంట ఆ లెక్కలోనే ఉన్నాను.

జూన్ 18న వాడిన అవే క్లిప్పులు. ఏ7 ఫోర్ హెచ్ఎస్: ప్రాసెసర్ 22, డీకోడ్ 40. బయటాయన ఎస్ క్లిప్పు: ప్రాసెసర్ 25. రెండు కెమెరాల మల్టీక్యామ్ ఆగలేదు, మూడోది కలిపితే అప్పుడప్పుడు ఒక ఫ్రేము. పన్నెండు నిమిషాల హైలైట్ ఎక్స్‌పోర్ట్ 31 నిమిషాలు పట్టేది 18 నిమిషాల్లో అయింది. ప్రాసెసర్ నెత్తి మీద బరువు దిగితే మిగతా పని చేసుకోవడానికి తీరిక వచ్చింది, అంతే.

స్టెబిలైజర్: నాలుగు నిమిషాలు. అదే షాటు, అదే సెకను లెక్క. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసే పేర్ల టైటిల్స్ కూడా మునుపటిలాగే నత్తనడక. రిచీ స్ట్రీట్‌లో చూసిన నిమిషం యాభై సెకన్లు మనసులో అట్లాగే ఉంది.

తమ్ముడు ఊరుకోలేదు. అదే బోర్డు మీద 5700ఎక్స్ కూర్చుంటుంది, ఎనిమిది కోర్లు, 65 వాట్లే, బయాస్ ఎలాగూ కొత్తదైంది, 14 వేలు అన్నాడు. ఈ సాకెట్‌లోకి మొదటి రైజెన్ 2017లో వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా బోర్డు మార్చకుండా ఎక్కే మెట్టు ఉండడం గొప్పే. తొందరేం లేదన్నాను. నోట్‌బుక్‌లో కొత్త కాలమ్ గీశాను: స్టెబిలైజర్ కోసం ఊరికే కూర్చున్న నిమిషాలు. వారానికి ఎంత అవుతుందో చూసి అప్పుడు.

ఆగస్టు 3, ఆదివారం

శ్రావణం మొదటి పెళ్ళి, కోవూరులో. ముహూర్తం రాత్రి 2:40కి. ఫుటేజీ తెల్లారి ఐదింటికి నా చేతికొచ్చింది, టీజర్ ఎనిమిదింపావుకి వెళ్ళిపోయింది. ప్రాక్సీలు లేవు. స్టెబిలైజర్ కాలమ్‌లో ఈ వారం 34 నిమిషాలు. 14 వేలకి 34 నిమిషాలు, ఇంకా కొనాలనిపించడం లేదు. ముహూర్తాల వారంలో 34 ఎంత అవుతుందో రాసి చూడాలి.

ట్రెడిషనల్ కెమెరా ఫైళ్ళు తెరిచి చూస్తే అన్నీ 4:2:2. ఆయన్ని అడిగితే, పెళ్ళికూతురు కట్టింది ఎర్ర అంచు పట్టుచీర, 4:2:0 పెట్టడానికి చేతులు రాలేదట. ఒక్క పెళ్ళికి 380 జీబీ. హార్డ్ డిస్కులో ఇక 210 మిగిలింది. బుధవారం ఇంకో పెళ్ళి ఉంది, రేపు పొద్దున షాపు తెరవగానే డిస్కు ధర కనుక్కోవాలి.